జాబితాలో కనబడని కేసులు: ఫిల్టర్, లిమిట్ మన లెక్కను ఎలా కోస్తాయి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో 17వ నియమం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. అది కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ సమావేశానికి సంఘాలు ఒక లెక్క పట్టుకెళ్తాయి, అధికారులు ఇంకో లెక్క తెస్తారు. రెండూ కలవవు. అప్పుడు గొడవంతా ఎవరు అబద్ధం చెబుతున్నారన్న దాని మీదికి పోతుంది. మేం గమనించిన మేరకు చాలాసార్లు ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ఒక ఫిల్టర్ పెట్టి జాబితా తీశారు, మరొకరు ఇంకో ఫిల్టర్ పెట్టి తీశారు. ఎవరి జాబితా ఎక్కడ తెగిపోయిందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

అందుకే ఈ వ్యాసం. సాఫ్ట్‌వేర్ మనకు రికార్డుల జాబితా చూపించేటప్పుడు లోపల జరిగేవి రెండు పనులు. ఏ రికార్డులు కావాలో వడకట్టడం ఒకటి, అదే ఫిల్టర్. వడకట్టినవాటిలో ఎన్ని చూపాలో కోత పెట్టడం రెండోది, అదే లిమిట్. ఈ రెండింటి పనితీరు తెలియడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. కేసుల జాబితాలతో పని చేసే ప్రతి కార్యకర్తకూ, దళిత విద్యార్థి సంఘాల్లో సర్వేలు చేసే ప్రతి విద్యార్థికీ అవి తెలిసి ఉండాలన్నది మా అభిప్రాయం.

ముందు లిమిట్ సంగతి, ఎందుకంటే అది తేలిక.

కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో చాలా పట్టికల్ని ఏపీఐ ద్వారా, అంటే మన ప్రోగ్రామే నేరుగా అడిగి తెచ్చుకునేలా ఇస్తారు. అక్కడ అందరికీ కనిపించే నమూనా కీ ఒకటి ఉంటుంది. దానితో అడిగితే ఒకసారికి 10 రికార్డులకు మించి రావు. పట్టికలో 700 వరసలున్నా పదే వస్తాయి. తప్పు జరిగిందని ఎర్రక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. వచ్చిన పది వరసలు చక్కగా, పూర్తిగా, ఏ లోపం లేనట్టు కనిపిస్తాయి. అయితే ఆ జవాబులోనే పైన నాలుగు అంకెలు ఉంటాయి: టోటల్, కౌంట్, లిమిట్, ఆఫ్‌సెట్. టోటల్ అంటే మన ఫిల్టర్‌కు సరిపోయే రికార్డులు మొత్తం ఎన్ని. కౌంట్ అంటే ఇప్పుడు మన చేతికి వచ్చినవి ఎన్ని. ఈ రెండూ సమానం కాకపోతే మన దగ్గరున్నది ముక్క మాత్రమే. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని సొంత కీ తెచ్చుకుని, లిమిట్ పెంచి, ఆఫ్‌సెట్ మార్చుకుంటూ అడిగితే మిగతావి వస్తాయి.

ఇది ఒక్క పోర్టల్ అలవాటు కాదు. చాలా దేశాల ప్రభుత్వ పోర్టళ్ల వెనక నడిచే సీకాన్ అనే సాఫ్ట్‌వేర్, అంకె చెప్పకుండా అడిగితే 100 వరసలిచ్చి ఆగుతుంది. వెతుకులాటకు ఎక్కువగా వాడే ఎలాస్టిక్‌సెర్చ్ చెప్పకపోతే పదే ఇస్తుంది, మామూలు పద్ధతిలో 10,000 దాటి లోపలికి పోనివ్వదు. ఏదైనా వెబ్‌సైట్‌లో ఫలితాల సంఖ్య కచ్చితంగా 10,000 అని కనబడితే అది లెక్క అని నమ్మకండి, గోడ తగిలిందని అనుకోండి. 100, 500, 1000 లాంటి గుండ్రటి అంకెలన్నిటినీ అదే అనుమానంతో చూడాలి. ఊళ్లో జరిగే దౌర్జన్యాలు వందల లెక్కన సరిగ్గా ఆగిపోవు.

లిమిట్ పెట్టడం వెనక కుట్ర లేదు. లక్ష వరసలు ఒకేసారి తెరమీదికి తెస్తే సర్వర్ మొరాయిస్తుంది, ఫోన్ వేడెక్కుతుంది. సమస్య లిమిట్ ఉండటంలో లేదు. అది ఉందని చెప్పకపోవడంలో ఉంది.

దీనికి తోడు వరస క్రమం. చాలా సాఫ్ట్‌వేర్లు కొత్తవి ముందు, పాతవి వెనక పేరుస్తాయి. వార్తలకు అది బాగానే ఉంటుంది. అట్రాసిటీ కేసులకు మాత్రం తలకిందులు. చట్టంలోని 14వ సెక్షన్ చార్జిషీటు దాఖలైన రెండు నెలల్లో విచారణ వీలైనంతవరకు ముగియాలంటోంది. ఆ గడువును ఏళ్ల తరబడి దాటి పడి ఉన్న కేసులు, సాక్షులు విసిగిపోయిన కేసులు, ముద్దాయిలు రాజీ కోసం ఇంటి చుట్టూ తిరిగే కేసులు జాబితాలో ఆఖరి పేజీలో ఉంటాయి. మొదటి పేజీ చూసి ఆగిపోయినవాళ్లకు నిన్న మొన్నటి కేసులే కనిపిస్తాయి. జాబితా తెరవగానే దాఖలైన తేదీ ప్రకారం పాతవి ముందు వచ్చేలా మార్చుకోవడం మంచి అలవాటు.

ఏ క్రమమూ చెప్పకుండా లిమిట్ పెట్టడం ఇంకా ప్రమాదం. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో 'ఆర్డర్ బై' అని రాయకుండా 'లిమిట్ 100' అని మాత్రమే రాస్తే, ఏ వంద వస్తాయో డేటాబేస్ హామీ ఇవ్వదు. ఇవాళ ఒక వంద, రేపు ఇంకో వంద రావచ్చు. పేజీలు తిప్పుతుంటే కొన్ని రెండుసార్లు రావచ్చు, కొన్ని అసలు రాకపోవచ్చు. క్రమం పెట్టినా పెండింగ్ కేసుల జాబితాలో ఒక చిక్కు మిగులుతుంది. మీరు మొదటి పేజీలోని పాతిక కేసులు రాసుకుంటుండగా అందులో ఒకటి తీర్పయి జాబితాలోంచి తప్పుకుందనుకోండి. వెనకవన్నీ ఒక మెట్టు ముందుకు జరుగుతాయి. రెండో పేజీలో మొదట ఉండాల్సిన కేసు మొదటి పేజీ చివరికి చేరుతుంది. మీరు రెండో పేజీకి వెళ్లేసరికి అది మీ కళ్లబడకుండా దాటిపోతుంది. కాబట్టి పెద్ద జాబితాను రోజుకు కొంత చొప్పున కాకుండా ఒకే పూటలో తీయాలి. కోర్టు కేసులైతే ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు పట్టుకుని ఎన్ని వచ్చాయో, ఏవి రెండుసార్లు వచ్చాయో సరిచూసుకోవాలి.

లిమిట్, ఫిల్టర్ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయన్నాం. ఏది ముందు జరుగుతుందన్నది కీలకం. ముందు వడకట్టి తర్వాత కోస్తే, మనకు కావలసినవాటిలో మొదటి వంద వస్తాయి. ముందు కోసి తర్వాత వడకడితే, మొత్తం రికార్డుల్లోంచి ఏవో వంద తీసి, ఆ వందలో మనకు కావలసినవి ఎన్నుంటే అన్నే చూపిస్తుంది. ఒక స్టేషన్‌లో 2,000 ఎఫ్ఐఆర్‌లు ఉన్నాయనుకుందాం. అందులో అట్రాసిటీ కేసులు 60. రెండో పద్ధతిలో రాసిన సాఫ్ట్‌వేర్ మొదటి వంద ఎఫ్ఐఆర్‌లు తెచ్చుకుని వాటిలో వెతికి 'మూడు రికార్డులు దొరికాయి' అంటుంది. వంద లాంటి గుండ్రటి అంకె కూడా కాదు కనుక మనకు అనుమానమే రాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక దారుంది. ఫిల్టర్ పెట్టాక పేజీకి చూపే వరసల సంఖ్యను 100 నుంచి 500కు మార్చి చూడండి. దొరికిన రికార్డుల మొత్తం మారితే ఆ సాఫ్ట్‌వేర్ ముందు కోసి తర్వాత వడకడుతోందన్నమాట. పేజీ సైజు మారినా మొత్తం మారకూడదు.

ఇక ఫిల్టర్లు. ఇక్కడే మన వాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

ఈ-కోర్ట్స్ సైట్‌లో కేసు స్థితి వెతకడానికి చట్టం పేరుతో వెతికే వీలుంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, చట్టం ఎంచుకుని, పెండింగ్ లేదా డిస్పోజ్డ్ అని గుర్తు పెట్టాలి. ఒకటే గుర్తు పెట్టి తీసిన లెక్కను 'జిల్లాలో మొత్తం కేసులు' అని రాస్తే సగం కథ పోయినట్టే. తర్వాత చట్టం పేరు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల చట్టం అని పూర్తి పేరుతో, ఎస్సీ ఎస్టీ చట్టం అని పొట్టి పేరుతో, పీఓఏ చట్టం అని, చుక్కలతో, చుక్కల్లేకుండా ఎలాగైనా నమోదై ఉండవచ్చు. ఒక పేరు ఎంచుకుంటే మిగతా పేర్ల కింద ఉన్నవి రావు. అన్నీ ఎంచుకుని తీసి కలపాలి.

ఒక తమాషా కూడా చెప్పుకోవాలి. కోర్టు భాషలో 'ఎస్సీ' అనే కేసు రకం ఉంటుంది. అది సెషన్స్ కేసుకు పొట్టి పేరు. కొత్తగా పని మొదలుపెట్టిన విద్యార్థి కేసు రకంలో 'ఎస్సీ' అని కనబడగానే సంబరపడి దాన్ని ఎంచుకుంటే జిల్లాలోని హత్యలు, దోపిడీలు, వరకట్న మరణాలు అన్నీ వచ్చి పడతాయి.

సెక్షన్ నంబర్లతో వడకట్టేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చట్టం 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. ఆ సవరణతో 3వ సెక్షన్ నేరాల వరస మొత్తం మారింది. నలుగురూ చూస్తుండగా అవమానించడం అన్న నేరం పాతరోజుల్లో 3(1)(ఎక్స్). ఇప్పుడు అది 3(1)(ఆర్). కులం పేరుతో దూషించడం విడిగా 3(1)(ఎస్) అయింది. 2012 నుంచి 2020 వరకు అవమానం కేసులు ఎలా పెరిగాయో చూద్దామని 3(1)(ఆర్) ఒక్కదాన్నే ఫిల్టర్‌లో పెడితే, 2016కు ముందు దళితుల్ని ఎవరూ అవమానించలేదని తేలుతుంది! పాత 3(1)(ఎక్స్)లో ఎక్స్ అనేది రోమన్ అంకె కాబట్టి చాలా ఎఫ్ఐఆర్‌లలో, తీర్పుల్లో 3(1)(10) అని కూడా రాశారు. అదీ కలుపుకోవాలి.

3(2)(వి)దీ ఇలాంటి కథే. ఎస్సీ, ఎస్టీలని తెలిసి చేసిన, పదేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాలకు యావజ్జీవం విధించే సెక్షన్ అది. సవరణ తర్వాత దాని పక్కనే 3(2)(వి-ఎ) చేరింది. షెడ్యూల్‌లో చెప్పిన మరికొన్ని నేరాలకు అది వర్తిస్తుంది. ఫిల్టర్‌లో 'ఇది ఉన్నవన్నీ' అనే పద్ధతిలో చివరి బ్రాకెట్ వదిలేసి టైప్ చేస్తే (వి)తో పాటు (వి-ఎ), (వి-ఐ), (వి-ఐ-ఐ) కూడా వచ్చి చేరతాయి. బ్రాకెట్ పెట్టి టైప్ చేస్తే ఖాళీ జాగా వదిలి రాసినవి రాలిపోతాయి. ఒకవైపు లెక్క ఉబ్బుతుంది, ఇంకోవైపు చిక్కుతుంది. ఇలాంటి చోట ముందు ఏ ఫిల్టరూ లేకుండా ఆ గడిలో ఎన్నెన్ని రకాల రాతలున్నాయో మొత్తం జాబితా తీసుకుని కళ్లతో చదవడం తప్ప దగ్గరదారి లేదు.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 బదులు 103 అయింది. కులం, జాతి లాంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకుమించి కలిసి చేసే హత్యకు 103(2) అని విడిగా ఉంది. మన దృష్టిలో అది ముఖ్యమైన గడి. కొత్త సంహితలో కూడా 302 అనే సెక్షన్ ఒకటుంది, కానీ అది మత మనోభావాలు గాయపరిచే మాటలకు సంబంధించింది. చట్టం పేరు కలపకుండా ఉత్త 302 అని వడకడితే హత్యలు తగ్గిపోయి, హత్య కానివి హత్యల్లో కలుస్తాయి.

జిల్లా పేర్లు కూడా ఇంతే. తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31కి, తర్వాత 33కి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26కు వెళ్లింది. చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేది, కారంచేడు ప్రకాశంలో ఉండేది. ఇప్పుడు రెండూ బాపట్ల జిల్లా. గుంటూరు అని ఫిల్టర్ పెట్టి ఇరవై ఏళ్ల గ్రాఫ్ గీస్తే 2022లో ఒక్కసారిగా దౌర్జన్యాలు తగ్గినట్టు గీత కిందికి జారుతుంది. ఏ రాజకీయ నాయకుడైనా దాన్ని తన ఘనతగా చెప్పుకోవచ్చు. పైగా కోర్టుల జిల్లా విభజన, రెవెన్యూ జిల్లా విభజన ఒకేరోజు జరగవు.

మా దృష్టిలో అన్నిటికన్నా దుర్మార్గమైనది ఖాళీ గడి. బాధితులకు రావలసిన పరిహారం పట్టిక ఉందనుకుందాం. 'చెల్లించారు', 'చెల్లించలేదు' అని ఒక నిలువు వరస. చాలా కేసులకు గుమస్తా ఏమీ నింపలేదు. ఇప్పుడు 'చెల్లించారు కానివన్నీ చూపించు' అని అడిగితే ఖాళీగా ఉన్నవి వస్తాయా రావా? ఎక్సెల్‌లో 'సమానం కాదు' అనే ఫిల్టర్ పెడితే ఖాళీలు కూడా వస్తాయి. ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అదే ప్రశ్న అడిగితే ఖాళీలు రావు. ఎందుకంటే ఎస్‌క్యూఎల్ దృష్టిలో ఖాళీ, అంటే నల్, ఒక విలువ కాదు. అది 'చెల్లించారు'తో సమానమా అంటే తెలియదంటుంది, సమానం కాదా అన్నా తెలియదంటుంది. తెలియనివాటిని ఫిల్టర్ వదిలేస్తుంది. ఎవరి ఫైలును ఎవరూ తెరిచి చూడలేదో, ఎవరి గురించి ఒక్క ముక్కా రాయలేదో వాళ్లే జాబితాలోంచి జారిపోతారు. డబ్బు అందనివాళ్లను వెతికే ప్రశ్నకు జవాబులో గడి ఖాళీగా ఉన్నవాళ్లే రారన్నమాట. డేటాబేస్‌తో పని చేసే మిత్రులు 'లేదా ఆ గడి ఖాళీగా ఉంది' అన్న షరతును విడిగా కలపాలి. పరిహారం విషయంలో ఇంకొకటి: 2016 నియమాల ప్రకారం నేరాన్ని బట్టి 85,000 రూపాయల నుంచి 8,25,000 వరకు ఉన్న ఆ సొమ్ము చాలా నేరాలకు విడతలుగా ఇస్తారు. ఎఫ్ఐఆర్ దశలో కొంత, చార్జిషీటు దశలో కొంత, శిక్ష పడ్డాక కొంత. కాబట్టి 'చెల్లించారు' అన్న ఒక్క మాట మొదటి పాతిక శాతాన్ని మాత్రమే సూచించవచ్చు. అవును, కాదు అన్న రెండు గడులున్న పట్టిక ఆ ప్రశ్నకు సరిపోదు.

మన చేతికి రాకముందే పెట్టిన ఫిల్టర్లు కూడా ఉన్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022లో ఎస్సీలపై 57,582, ఎస్టీలపై 10,064 నేరాల కేసులని ప్రకటించింది. ఆ అంకెల వెనక ప్రధాన నేరం అనే నియమం పని చేస్తుంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కిస్తారు. ఒక వాడ మీద పడి గుడిసెలు తగలబెట్టి, మనుషుల్ని కొట్టి, ఒకర్ని చంపితే అది పట్టికలో ఒక హత్య. గుడిసెలు ఎన్ని కాలాయో, ఎంతమంది చేతులు విరిగాయో ఆ జాబితాలో వెతికినా దొరకదు. ఇది కూడా ఒక లిమిటే: ఎఫ్ఐఆర్‌కు ఒకటి.

ఇంకా వెనక్కి వెళ్తే, 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా ఉంది. హిందువులు కాక, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా లెక్కకు వస్తారు. అదే వాడలో, అదే గోడ పక్కన ఉంటున్న దళిత క్రైస్తవులు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ. వాళ్ల మీద అదే ఊరివాళ్లు అదే కులం పేరుతో చేసిన దాడి ఈ చట్టం కింద నమోదవడమే కష్టం. రికార్డు పుట్టకముందే పడిన ఫిల్టర్ అది. మనం ఎంత జాగ్రత్తగా వెతికినా ఆ జాబితాలో వాళ్లు రారు. వాళ్లకోసం వేరే జాబితా మనమే తయారు చేసుకోవాలి.

చరిత్రను వెతికేటప్పుడూ ఇంతే. కారంచేడు 1985 జూలైలో జరిగింది, అప్పటికి ఈ చట్టమే లేదు. 2006 నాటి ఖైర్లాంజి హత్యాకాండలో భండారా కోర్టు ముద్దాయిలకు హత్య కింద శిక్ష వేసింది గానీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వేయలేదు. 'ఈ చట్టం కింద శిక్ష పడిన కేసులు' అని వడకడితే ఖైర్లాంజి రాదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కింది కోర్టు రికార్డు చూస్తే శిక్ష, పైకోర్టు రికార్డు చూస్తే విడుదల. రెండు రికార్డులూ వేర్వేరు చోట్ల ఉంటాయి. 'డిస్పోజ్డ్' అన్న ఒక్క మాట ఈ రెండింటినీ ఒకే రంగులో చూపిస్తుంది.

ఇంతవరకు సైట్ల సంగతి. చివరికి మన పనంతా చేరేది ఎక్సెల్ షీటులోకే, కాబట్టి దాని గురించి కొన్ని మాటలు.

ఎఫ్ఐఆర్ నంబర్లు 12/2019 అన్నట్టు ఉంటాయి కదా. అలా టైప్ చేయగానే ఎక్సెల్ దాన్ని 2019 డిసెంబరు అనుకుని తేదీగా మార్చేస్తుంది. 13/2019కి అలాంటి నెల లేదు కనుక దాన్ని అలాగే ఉంచుతుంది. అంటే ప్రతి స్టేషన్‌లో ఏడాదికి మొదటి పన్నెండు కేసులు ఒక రకంగా, మిగతావి ఇంకో రకంగా తయారవుతాయి. తర్వాత ఆ గడి మీద పెట్టే ఏ ఫిల్టరైనా ఈ రెండు గుంపుల్లో ఒకదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. నంబర్లు ఎక్కించకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఫిల్టర్ పెట్టిన షీటులో కింద 'సమ్' సూత్రం ఉంటే అది దాగిన వరసల్ని కూడా కలిపే చూపిస్తుంది. తెరమీద ఒక మండలం కనిపిస్తుంటుంది, కింద మొత్తం జిల్లాదై ఉంటుంది. కనిపిస్తున్నవాటినే కూడాలంటే 'సబ్‌టోటల్' వాడాలి. ఫిల్టర్ మీద నొక్కితే తెరుచుకునే చిట్టాలో కూడా మొదటి 10,000 వేర్వేరు విలువలే కనిపిస్తాయి. చిట్టాలో ఊరి పేరు లేదంటే షీటులో లేదని కాదు.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలు 65,536 వరసలకు మించి పట్టదు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షల ఫలితాల్ని ఆ పాత రకం ఫైలులోకి పోసింది. పట్టనివి కింద రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు, వాళ్లు కలిసినవాళ్లకు వెంటనే కబురు అందలేదు. అంత డబ్బున్న దేశపు ప్రభుత్వ కార్యాలయంలోనే ఎవరికీ వారం రోజులు తెలియలేదంటే, మన దగ్గర ఏం జరుగుతుంటుందో ఊహించుకోవచ్చు. కొత్త ఎక్సెల్ 10,48,576 వరసలు పడుతుంది, అయినా కార్యాలయాల్లో పాత ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఫిల్టర్ గురించి ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఇంకొకటుంది. ఫిల్టర్ వరసల్ని దాస్తుంది, తీసెయ్యదు. మన దగ్గర బాధితుల పేర్లు, సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీటు ఉందనుకుందాం. విలేకరి ఒక మండలం వివరాలు అడిగారు. ఆ మండలం ఫిల్టర్ పెట్టి, పేర్ల నిలువు వరస దాచి, ఫైలు వాట్సాప్‌లో పంపేశాం. అవతలివాళ్లు ఫిల్టర్ తీసేస్తే జిల్లా మొత్తం బయటపడుతుంది, దాచిన వరస తెరిస్తే సాక్షుల పేర్లు బయటపడతాయి. పివట్ టేబుల్ మాత్రమే పంపినా, దాని లోపల అసలు డేటా నకలు మామూలుగా ఉండిపోతుంది. చట్టంలోని 15ఎ సెక్షన్ బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కు ఇచ్చింది. ఆ రక్షణను మన ఫైలే చెడగొట్టకూడదు. కనిపిస్తున్న వరసల్ని మాత్రమే ఎంచుకుని, కొత్త ఫైలులో విలువలుగా అతికించి, ఆ కొత్త ఫైలును ఒకసారి తెరిచి చూసుకుని పంపాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం శిక్షార్హమైన నేరమని కూడా మరువకూడదు.

జాబితా సరైనదో కాదో తేల్చడానికి మేం వాడే పరీక్ష ఒకటుంది, చాలా మొరటుది. ముందు ఏ ఫిల్టరూ లేకుండా మొత్తం ఎంతో రాసుకుంటాం. తర్వాత ముక్కలుగా తీస్తాం: పెండింగ్ ఎన్ని, డిస్పోజ్డ్ ఎన్ని, గడి ఖాళీగా ఉన్నవి ఎన్ని. మూడూ కూడితే మొదటి మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో ఏదో జారింది. అదే పని సంవత్సరాలవారీగా, స్టేషన్లవారీగా చేస్తాం. దీనికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు, ఇంటి ఖర్చుల పుస్తకం రాసేవాళ్లందరికీ వచ్చు.

సమాచార హక్కు దరఖాస్తులోనూ ఇదే దృష్టి ఉండాలి. 'మీ జిల్లాలో ఎన్ని అట్రాసిటీ కేసులు' అని అడిగితే వాళ్ల ఫిల్టర్‌తో వాళ్లు ఒక అంకె ఇచ్చేస్తారు. దానికి బదులు వరసలు అడగాలి: ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, ఘటన తేదీ, ఎఫ్ఐఆర్ తేదీ, పెట్టిన సెక్షన్లన్నీ, చార్జిషీటు తేదీ, పరిహారం ఏ విడత ఏ తేదీన ఇచ్చారు, ఇవ్వకపోతే ఖాళీగా ఉంచకుండా 'ఇవ్వలేదు' అని. ఏ తేదీ ప్రకారం ఏడాదిని లెక్కించారో కూడా అడగాలి. డిసెంబరు 30న జరిగిన దాడికి జనవరి 3న ఎఫ్ఐఆర్ అయితే, ఘటన తేదీ పట్టుకుని తీసిన లెక్కలో అది ఒక ఏడాదికి, ఎఫ్ఐఆర్ తేదీ పట్టుకుని తీసిన లెక్కలో ఇంకో ఏడాదికి పోతుంది. ఫైలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే అదే రూపంలో ఇమ్మనవచ్చు. 2005 చట్టంలో ఆ వీలుంది.

మనం ప్రకటించే ప్రతి జాబితా నెత్తిన నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టాం: ఎక్కడినుంచి తీశాం, ఏ రోజు తీశాం, ఏ ఫిల్టర్లు పెట్టాం, మొత్తం ఎన్నిటిలోంచి ఎన్ని వచ్చాయి. కమిటీ సమావేశంలో అధికారి వేరే అంకె చదివినప్పుడు ఇదే నాలుగు ముక్కలు ఆయన్నీ అడుగుతాం. జవాబు చెప్పగలిగితే రెండు జాబితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఎఫ్ఐఆర్ నంబర్లు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవచ్చు. చివరికి ఏ ఒక్క జాబితాలోనే మిగిలాయో ఆ నంబర్లే ఆరోజు మినిట్స్‌లో రాయించుకోవాలి.